కుమాసిలో పడుగూ పేకా

ఘనా రాజధాని అక్రాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు "సముద్రం ఒడ్డున కోటలు చూద్దాం అక్కా" అన్నాడు. నేను మాత్రం ముందు కుమాసి వెళ్దామన్నాను. మాది పోచంపల్లి. నాన్న మగ్గం నేస్తుంటే అమ్మ ఆసు పోస్తూ, అంటే నేతకు నూలు సిద్ధం చేస్తూ, మమ్మల్ని పెంచింది. ఘనా వచ్చి, కుమాసి దగ్గర అక్కడి చేనేత బట్ట కెంటే నేసే చోటు చూడకుండా ఇంటికెళ్తే నాన్నకు ఏం చెప్పను?

అక్రా నుంచి కుమాసి సుమారు 250 కిలోమీటర్లు. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరాం. దిగగానే ఫుఫూ తిన్నాం. కర్రపెండలం, అరటి కలిపి రోకళ్ళతో దంచిన ముద్ద అది. నమలకుండా పులుసుతో మింగాలి. రాగి సంగటి అలవాటున్న వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మర్నాడు మాన్హియా రాజభవన మ్యూజియానికి వెళ్ళాం. 1896లో బ్రిటిష్ వాళ్ళు, కుమాసి రాజధానిగా ఏలిన ఆసాంటే జాతి రాజు మొదటి ప్రెంపేను పట్టుకుపోయి, చివరికి సీషెల్స్ దీవుల్లో ఉంచారు. 1924లో ఆయన తిరిగొచ్చాక కట్టిన ఇల్లు ఇది. రాజభవనం అంటే మన గోల్కొండ, చౌమహల్లా లాంటివి ఊహించుకోవద్దు. పెద్ద బంగళా, అంతే. లోపల రాజుల, రాజమాతల మైనపు బొమ్మలు అచ్చం మనుషులంత ఉంటాయి.

నన్ను కదిలించినవి మాత్రం బంగారు నగలు. 1874లో బ్రిటిష్ సైన్యం కుమాసిని తగలబెట్టి, రాజభవనంలోని సొత్తు దోచుకుపోయింది. సరిగ్గా 150 ఏళ్ళకు, 2024లో, లండన్‌లోని రెండు మ్యూజియాలు 32 వస్తువులను ఇక్కడికి పంపాయి. తిరిగి ఇచ్చేశారనుకుంటే పొరపాటు. అరువుగా పంపారు, అదీ మూడేళ్ళకు! ఎవరి సొమ్ము ఎవరికి అరువు? అదే ఏడాది అమెరికాలోని ఫౌలర్ మ్యూజియం మాత్రం ఏడు వస్తువులను శాశ్వతంగా ఇచ్చేసింది. చేతనైనవాళ్ళకు చేతనైంది కదా అనిపించింది.

అన్నిటికన్నా విలువైన బంగారు పీఠం మాత్రం ఇక్కడ కనపడదు. ఓసేయ్ టూటూ రాజు ఒడిలోకి అది ఆకాశం నుంచి దిగిందని, ఆసాంటే జాతి ప్రాణమంతా అందులోనే ఉందని వాళ్ళ నమ్మకం. దాని మీద రాజు కూడా కూర్చోడు. 1900లో బ్రిటిష్ గవర్నర్ వచ్చి తాను కూర్చోవడానికి ఆ పీఠం తెమ్మన్నాడు. ఎజిసు రాజమాత యా అసాంటెవా యుద్ధానికి లేచింది. యుద్ధం ఓడిపోయారు, ఆమెనూ సీషెల్స్‌కే పంపేశారు, అక్కడే 1921లో కన్నుమూసింది. పీఠం మాత్రం బ్రిటిష్ వాళ్ళ చేతికి చిక్కలేదు. గైడ్ ఈ మాట చెప్తూ గొంతు పెంచాడు. నాకూ ఒళ్ళు గగుర్పొడిచింది.

కెజెటియా మార్కెట్లో గంటసేపు తిరిగాం. అక్కడ రంగురంగుల కెంటే చౌకగా దొరుకుతుంది కానీ, చేత్తో తడిమితే అది నేసింది కాదు, అచ్చు వేసిన గుడ్డ. ఇక్కత్ పేరుతో అమ్మే ప్రింటు చీరలు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

ఇక కెంటే నేసే ఊరు బోన్‌వీరె. కుమాసికి 18 కిలోమీటర్ల దూరం. షెడ్డులోకి అడుగు పెట్టకముందే చప్పుడు వినపడింది. కళ్ళు మూసుకుంటే మా ఇల్లే! నేను చూసినంతలో మగ్గాల మీద అందరూ మగవాళ్ళే. మగ్గం మాత్రం మనది కాదు. కాళ్ళు పెట్టుకునే గుంట లేదు. పడుగు, అంటే నిలువు దారాలు, చాలా దూరం దాకా చాచి, చివర బరువుకు రాయి కట్టారు. నేతగాడు లాగే కొద్దీ ఆ రాయి నేల మీద జరుగుతూ దగ్గరికొస్తుంది. పడుగును విడదీసే తాళ్ళను బొటనవేలికీ పక్క వేలికీ మధ్య పట్టుకుని ఆడిస్తాడు. నేసేది నాలుగంగుళాల పట్టీ. అలాంటి పట్టీలు పక్కపక్కన కుడితే ఒక బట్ట అవుతుంది.

మనం నూలునే అక్కడక్కడా బిగించి కట్టి (అదే చిటికి) రంగులద్ది, నేతలో బొమ్మ తెస్తాం. వీళ్ళు బొమ్మను నేస్తూనే పుట్టిస్తారు. ఒక రకం పేరు అద్వినాసా. ఉన్న డిజైన్లన్నీ ఇందులోనే అయిపోయాయని అర్థమట. సాలీడు గూడు అల్లడం చూసి ఇద్దరు అన్నదమ్ములు ఈ నేత నేర్చుకున్నారని ఒక ముసలాయన చెప్పాడు. 2024 డిసెంబరులో యునెస్కో కెంటే నేతను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సంగతి నేనెత్తగానే ఆయన ముఖం వెలిగింది.

మా నాన్న కూడా నేతగాడేనని తమ్ముడు చెప్పగానే ఆయన నా అరచేతులు పట్టుకుని తిప్పి చూశాడు. నేను నేయలేదు, చదువుకున్నానని చెప్పాల్సి వచ్చింది. ఆయన కొడుకు కూడా అక్రాలో చదువుతున్నాడట.

ఒక పట్టీ కొన్నాను. ఇంటికొచ్చి నాన్న చేతిలో పెడితే, ముందు రంగులు చూడలేదు. తిరగేసి వెనకవైపు చూశాడు. వేలితో అంచు తడుముతూ "పడుగు బాగా బిగువుగా ఉంది. రాయి ఎంత బరువుంటుందో అడిగావా?" అన్నాడు.