సాత్‌బారాలో తాత పేరు, చేనులో ఇసుక మేట

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. 2022 జూలై వరదకు మా పత్తి చేను మునిగింది. నీళ్లు తీశాక చూస్తే మోకాలి లోతు ఇసుక మేట.

నష్టం రాసుకునే పంచనామాకు తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) వచ్చి, కారణం దగ్గర ‘అతివృష్టి’ అని రాయబోతే బాపు అడ్డుపడ్డాడు. "వాన ప్రతి యేడూ పడుతది సార్. ఈసారి వచ్చిన నీళ్లు పోలేదు. మేడిగడ్డ బ్యాక్‌వాటర్ అని రాయండి."

మేడిగడ్డ అంటే గోదావరి మీద తెలంగాణ కట్టిన బ్యారేజీ, దాని వెనక నిలిచి ఎగదన్నే నీళ్లే బ్యాక్‌వాటర్. అసలు పేచీ అక్కడే. అతివృష్టి అంటే మా రాష్ట్రం పంటకిచ్చే సాయంతో సరి. బ్యాక్‌వాటర్ అంటే భూమి సేకరించాలి, ఆ ఖర్చు తెలంగాణది. అంత మాట రాసి ఇరుక్కోవడం ఎవరికి ఇష్టం? చివరికి "బ్యారేజీ ఎగువన నది ఒడ్డు భూమి అని రైతు చెప్పాడు" అని ఒక వాక్యం రాయించి, జిరాక్స్ అప్పుడే తీసుకున్నాం.

అంతకుముందు ప్రాణహిత మీద తుమ్మిడిహట్టి దగ్గర అనుకున్న బ్యారేజీకి 152 మీటర్ల ఎత్తంటే మహారాష్ట్ర ససేమిరా అంది, 148 దగ్గర ఆగింది. ఆ తగాదా నడుస్తుండగానే పెద్ద బ్యారేజీ మా ముందుకొచ్చింది. 2016 ఆగస్టు 23న అప్పటి ముఖ్యమంత్రులు కేసీఆర్, ఫడ్నవీస్ ముంబైలో ఒప్పందం చేసుకున్నారు, మేడిగడ్డకు నీటిమట్టం 100 మీటర్లని. మా చేను ఆ గీతకు కాస్త పైన ఉందట. వరదకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు మరి.

అర్జీ పెడదామంటే సాత్‌బారా (మా దగ్గరి భూమి రికార్డు, 7/12) ఇంకా తాత పేరు మీదే ఉంది. వారసుల ఫేర్‌ఫార్, అంటే పేరు మార్పిడి, కావాలి. మా మేనత్తను మహదేవ్‌పూర్ వైపు ఇచ్చారు, ఆమె ఆధార్ తెలంగాణది. దాని మీద ఎన్ని కొర్రీలు వేశారో! అత్త వంతెన దాటి వచ్చి, వేలికి సిరా పూసుకుంటూ నవ్వింది. "మా సర్కారు కట్టిన బ్యారేజీకి మీ సర్కారు కాయితం మీద నా వేలిముద్రా? మా దిక్కు చేన్లు మునగలేదా అల్లుడా?"

ఫేర్‌ఫార్ అయింది, అర్జీ మీద ఆవక్ ముద్ర (ఆఫీసుకు అందిందనే ముద్ర) పడింది. పంట సాయం బాపు ఖాతాలో జమైంది. భూమి సంగతే తేలలేదు. 2023 అక్టోబర్ 21న బ్యారేజీ పియర్లు కుంగాయి, నీళ్లు వదిలేశారు. ఇప్పుడు వెళ్తే "నీళ్లే లేవు కదా, ఇంకేం బ్యాక్‌వాటర్?" అంటున్నారు. ముద్ర పడిన కాపీ చూపిస్తే మాత్రం కూర్చోమంటారు. ఇసుక ఎత్తించిన ట్రాక్టర్ కిరాయి ఏ లెక్కలోనూ లేదు, అది మేమే కట్టుకున్నాం.