పానా ఆఖరున
బెంగళూరులో నా పాత మోటారుసైకిల్‌ను మొదటిసారి నేనే విప్పిన రోజున, స్పార్క్ ప్లగ్‌ను వంకరగా ఎక్కించి, బిగువుగా ఉందనుకుని పానాతో మరింత బలంగా తిప్పి, ఇంజను పైభాగమైన అల్యూమినియం హెడ్‌లోని మరలను పాడుచేసుకున్నాను. ప్లగ్ ఉక్కుది, హెడ్ అంతకంటే మెత్తని లోహం. అందువల్ల దెబ్బతినేది ఖరీదైన భాగమే. బండిని తోసుకుంటూ వెళితే, అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మెకానిక్ పెద్దాయన "ముందు వేళ్లతో తిప్పాల సార్, పానా ఆఖర్న" అని నవ్వి, రంధ్రానికి కొత్త మరల తొడుగు వేసి ఇచ్చారు.

అప్పటి నుంచి ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాతే ప్లగ్ విప్పుతున్నాను. కొత్తదాని కొనలో నిప్పురవ్వ ఎగిరే సందును, జె.సి. రోడ్డులో కొన్న ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులను కొలిచే రేకులతో), నా బండి మాన్యువల్ చెప్పిన 0.7 మిల్లీమీటర్లకు సరిచూసి, చేత్తోనే చివరిదాకా ఎక్కించి, వాషర్ ఆనిన తర్వాత మాత్రమే పానాతో సుమారు అర చుట్టు బిగిస్తున్నాను. పాత ప్లగ్‌నే తిరిగి పెట్టేటప్పుడు, దాని వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కనుక, అంత కూడా తిప్పకూడదు. గొలుసు బిగువు చూడటం తేలికే, బాల్కనీ గచ్చు మీద మరకలకు ఇంట్లో సమాధానం చెప్పుకోవడమే కష్టం. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌ను మాత్రం ఇప్పటికీ పెద్దాయనకే వదిలేశాను.