మందు మానడానికి మందేంటి అంటే

సిగరెట్ మానేసి నాలుగేళ్లయింది. అయినా ఫోన్లో ఎవరితోనైనా గట్టిగా వాదన జరిగితే, కాల్ కట్ చేసేలోపే నా కుడి చెయ్యి చొక్కా జేబు తడుముకుంటుంది. ఇప్పుడక్కడ పెన్ను ఉంటోంది. బొటనవేలు దాని మూత మీద లైటర్ చక్రం తిప్పినట్టు ఒక్కసారి తిరిగి, అప్పుడు ఆగుతుంది.

అందుకే "మనసు గట్టిగా ఉంటే చాలు" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మానాలని మనసుకు ఎప్పుడూ ఉంది, చెయ్యే వినలేదు.

2007లో వచ్చిన ఒక పరిశోధన చదివాక కాస్త ఊరట కలిగింది. మెదడులో ఇన్సులా అనే భాగం ఉంటుంది, ఆకలి, నొప్పి, గుండెదడ లాంటి ఒంటి కబుర్లు మనదాకా తెచ్చేది. స్ట్రోక్ లాంటిది వచ్చి అది దెబ్బతిన్నవాళ్లలో కొందరు, అప్పటిదాకా ఆపకుండా కాల్చినవాళ్లే, ఏ తిప్పలూ పడకుండా మానేశారట. ఒకాయనైతే కాల్చాలన్న సంగతే తన ఒళ్లు మర్చిపోయిందన్నాడు. అలాగని మెదడుకు దెబ్బ తగిలించుకోలేం కదా, కానీ ఎక్కడ వెతకాలో తెలిసింది.

ఇప్పుడు షుగర్‌కీ, బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ మీద అందరి కళ్లూ ఉన్నాయి. 2025లో వచ్చిన ట్రయల్‌లో తొమ్మిది వారాలు తీసుకున్నవాళ్లకు మద్యం తాగాలనే కోరిక తగ్గింది, తాగిన రోజున తాగే మోతాదూ తగ్గింది, తాగే రోజుల సంఖ్య మాత్రం పెద్దగా మారలేదు. అందులో పాల్గొన్నది మొత్తం 48 మంది. ఆశ పడొచ్చు, పండగ చేసుకునేంత కాదు.

నన్ను ఎక్కువగా తొలిచేది వేరే. మా ఫ్రెండ్ ఒకడు తాగుడు మానడానికి మూడు చోట్ల చేరాడు, మూడోచోట మధ్యలో ఒకసారి తాగాడని బయటికి పంపేశారు. ఎక్కడా వాడికి నాల్ట్రెక్సోన్ అనే మాటే చెప్పలేదు. తాగినా ఆ కిక్ అంతగా ఎక్కకుండా చేసే మాత్ర అది, మద్యం విషయంలో అమెరికాలో 1994లోనే అనుమతి వచ్చింది. అందరికీ పనిచేయదు, నిజమే. పేరైనా చెప్పాలిగా! ఇంట్లోవాళ్లేమో "మందు మానడానికి మళ్లీ మందేంటి" అన్నారు.

కిందటి నెల కొత్త డాక్టర్ లివర్ టెస్టులు చేయించి అదే రాశారు. వాడు చీటీ మడుస్తూ, మళ్లీ తాగితే ఇది ఆపేస్తారా అని గొంతు తగ్గించి అడిగాడు.

"తాగిన మర్నాడే రండి, ఎంత తాగారో చెప్పండి, డోసు చూద్దాం" అన్నారావిడ, రాసుకుంటూనే.