పెంటకుప్పలు తగ్గాయి, మందలు మిగిలాయి

ట్రాక్టర్లొచ్చాక ఎడ్లు తగ్గాయి, వాటితోపాటే ఇళ్ల ముందు పెంటకుప్పలూ. రాయలసీమ, తెలంగాణ మెట్ట చేలల్లో మాత్రం ఇప్పటికీ ఎండాకాలం గొర్రెల మంద కట్టిస్తున్నారు, అంటే పేడ, మూత్రం నేలలో పడేలా రాత్రిళ్లు మందను చేలోనే ఉంచుతున్నారు. కోళ్ల ఫారాలున్న ప్రాంతాల్లో కోడి ఎరువు లారీల్లో దిగుతోంది.

పశువుల ఎరువులో నత్రజని దాదాపు 0.5 శాతం, కోడి ఎరువులో 3 శాతం దాకా. కాబట్టి ఎకరాకు 4 టన్నుల పెంట లెక్క కోడి ఎరువుకు పనికిరాదు, టన్ను చాలు. పచ్చిది వేస్తే అమ్మోనియాకు మొలకలు మాడతాయి. మాగని పెంటైతే చెదలు, వేరుపురుగు, కలుపు గింజలు ఉచితం!

మంద లేవగానే దున్నాలి. మూత్రంలోని నత్రజనే అసలు లాభం, ఎండకు వదిలేస్తే గాలిలో కలిసిపోతుంది. పెంట తోలి కుప్పలుగా వారాల తరబడి వదిలేసే అలవాటు మాత్రం చాలాచోట్ల పోలేదు.