ఏపెక్స్‌లో ఒక శనివారం

ఈ శనివారం ఉదయాన్ని ఉత్తర కరోలినాలోని ఏపెక్స్‌లో, సేలెం స్ట్రీట్ మీద గడిపాము. 1873లో పట్టణ హోదా పొందిన ఈ ఊరు, రిచ్‌మండ్, జాక్సన్‌విల్ నగరాల నడుమ రైలుమార్గంలో అన్నిటికంటే ఎత్తైన చోట వెలసిందని భావించడం వల్లనే శిఖరమని అర్థమిచ్చే పేరు తెచ్చుకుంది. 1911 నాటి అగ్నిప్రమాదంలో వ్యాపార కూడలి చాలావరకు కాలిపోయాక లేచిన ఇటుక కట్టడాలే నేటికీ ఆ వీధికి అందం. 1914లో కట్టిన డిపో దగ్గర ఇప్పుడు ప్రయాణికుల రైళ్లు ఆగవు. అయినా గూడ్సు బండి కూత వేస్తూ వచ్చినప్పుడు, కాఫీ తాగుతున్నవారంతా మాటలాపి అటు తిరిగారు. కాజీపేట రైల్వే క్వార్టర్సులో పెరిగిన నాకు ఆ క్షణంలో గొంతు పూడుకుపోయింది. 2010లో 37 వేలున్న జనాభా 2020 నాటికి 58 వేలు దాటింది. కొత్తగా వచ్చినవారిలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి, పక్కనే ఉన్న కేరీలో వేంకటేశ్వరుని ఆలయమూ ఉంది. ఇంత వేగంగా పెరుగుతూ కూడా పాత టౌన్‌హాలును కూల్చకుండా కళాకేంద్రంగా మార్చుకున్న ఈ ఊరివారంటే నాకు నిజమైన గౌరవం. మా అబ్బాయి మాత్రం చివరి పెట్టె కనుమరుగయ్యేవరకు లెక్కపెడుతూనే నిలబడ్డాడు.