హార్బర్ బోటు టూర్ - నా అనుభవం

మొదటిసారి బుక్ చేసుకున్నప్పుడు తీరా అక్కడికి వెళ్ళాక గాలి ఎక్కువుందని ట్రిప్ క్యాన్సిల్ చేశారు, మెసేజ్ కూడా పెట్టలేదు, రెండుసార్లు ఫోన్ చేస్తేగానీ ఇంకో రోజుకి మార్చలేదు. అందుకే రెండోసారి బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కుని, అరగంట ముందే వెళ్ళి నిలబడ్డా. సీట్లకి నంబర్లు ఉండవు, ముందొచ్చినవాళ్ళకి పై డెక్. నేను మాత్రం కావాలనే బోటు మధ్యలో కూర్చున్నా, వెనకైతే డీజిల్ పొగ, ముందైతే ఊపు ఎక్కువ. లైఫ్ జాకెట్ బెల్టు బిగించి పెట్టుకోండి, వదులుగా ఉంటే నీళ్ళలో అది పైకి లేచి మెడ దగ్గరికి వచ్చేస్తుందట.

కాసేపటికి ఓ పెద్ద ఓడ లేపిన అలలు అడ్డంగా వచ్చి తగిలాయి, కడుపులో తిప్పేసింది. ఫోన్ లోపల పెట్టి దూరంగా ఒడ్డు వైపే చూస్తూ కూర్చుంటే పది నిమిషాల్లో సర్దుకుంది.

తర్వాత ఒక సరుకు ఓడ పక్కనుంచి తీసుకెళ్ళారు. అబ్బ, తల పూర్తిగా వెనక్కి వాల్చి చూడాలి! లంగరు గొలుసు బయటికొచ్చే కన్నం కింద తుప్పు చారలు, ముందు భాగంలో నిలువుగా అంకెలు, అంటే ఓడ నీళ్ళలో ఎంత లోతుకి దిగిందో చెప్పే కొలత. ఓడ మధ్యలో ఒక గుండ్రం, దాని మీదుగా అడ్డగీత, పక్కనే మెట్లలా చిన్న చిన్న గీతలు, వాటి దగ్గర ఇంగ్లీషు అక్షరాలు. సరుకు ఎక్కించాక ఓడ ఏ గీత దాకా మునగొచ్చో అవి చెప్తాయి. ఎస్ అంటే వేసవి, డబ్ల్యూ అంటే చలికాలం, చలికాలంలో సముద్రం కఠినంగా ఉంటుంది కాబట్టి ఆ గీత ఇంకా కిందికి ఉంటుంది, అంటే సరుకు తక్కువ ఎక్కించాలన్నమాట. ఒకప్పుడు ఓడల్లో మోయలేనంత సరుకు నింపి పంపితే మునిగిపోయి నావికులు చనిపోయేవాళ్ళు, బ్రిటన్‌లో శామ్యూల్ ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి పోరాడితే 1876లో ఈ గుర్తు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. గైడ్ ఇది చెప్తుంటే ఆ గుండ్రం మీంచి కళ్ళు తిప్పుకోలేకపోయా, ఒక్క గీత ఎన్ని ప్రాణాలు కాపాడి ఉంటుందో!

ఇంతలో ఒక చిన్న తెరచాప పడవ ఓడలు వెళ్ళే దారికి అడ్డంగా వచ్చేసరికి ఇంకో ఓడ ఐదుసార్లు పొట్టిగా, గబగబా హారన్ కొట్టింది. గుండె ఝల్లుమంది. నీ ఉద్దేశం ఏంటో నాకు అర్థం కావట్లేదు అని దాని అర్థమట. అంత బరువున్న ఓడ బ్రేక్ వేసినట్టు ఆగదు కదా, మా కెప్టెన్ కూడా వెంటనే స్పీడ్ తగ్గించి పక్కకి జరిగాడు. ఆ ఓడ మీద సగం తెలుపు సగం ఎరుపు జెండా ఉంది, లోపల పైలట్ ఉన్నాడని గుర్తు, హార్బర్ లోపలి దారి తెలిసిన మనిషి. రెండు టగ్ బోట్లు దాని పక్కన చీమల్లా కనిపిస్తున్నాయి గానీ మెల్లగా తిప్పుతోంది అవే.

వచ్చేటప్పుడు ఖాళీ ఓడ ఒకటి చూశాం, ఎర్ర రంగు అడుగు భాగం బోలెడంత బయటికి తేలి, ముక్కు కింద ఉండే ఉబ్బెత్తు కూడా కనిపిస్తోంది. దిగాక అందరూ వెళ్ళిపోయారు, నేను మాత్రం బయటికి వెళ్తున్న ఓడల మీద ఆ గుండ్రం ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఇంకో అరగంట అక్కడే ఉండిపోయా.