డార్ట్‌మూర్ గుర్రప్పిల్లలు, మా అమ్మాయి తెలుగు

మేము ఇంగ్లండ్‌లోని డెవన్‌లో, డార్ట్‌మూర్ అనే విశాలమైన కొండబయలు అంచున నివసిస్తున్నాము. 1951లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ బయలులో ఏడాది పొడవునా తిరిగే పోనీలను, అంటే పొట్టి జాతి గుర్రాలను చూసి కొత్తవారు అడవి గుర్రాలని అనుకుంటారు గానీ, ప్రతి గుర్రానికీ యజమాని ఉంటాడు. అక్కడ పశువులను మేపుకునే హక్కు ఉన్న రైతులవే అవన్నీ. శరదృతువులో ఆ రైతులు గుర్రాల మీదా, నాలుగు చక్రాల క్వాడ్ బైకుల మీదా వెళ్లి మందలను దొడ్లలోకి తోలుకువచ్చి, ఆ ఏడాది పుట్టిన పిల్లలను తల్లుల నుంచి వేరుచేసి అమ్ముతారు. కొనేవారు దొరకని మగపిల్లల గతి తరచు విషాదంగానే ముగుస్తుంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి రెండింటిని మనమే తెచ్చుకుందామని మా అమ్మాయి పట్టుబట్టింది. మందలో బతికే జంతువును ఒంటరిగా ఉంచడం దాన్ని హింసించడమే కనుక రెండు తప్పనిసరి.

మనిషి చేయి ఎరగని గుర్రప్పిల్లకు బకెట్‌లో నీళ్లు కొత్త, దాణా కొత్త, తలమీద కప్పు మరీ కొత్త. దానికి ముఖం ఎదురుగా అతి దగ్గర ఉన్నదీ, సరిగ్గా తోక వెనుక ఉన్నదీ కనబడవు కాబట్టి భుజం వైపు నుంచే దగ్గరకు వెళ్లాలి. వెదురు కర్ర చివర మెత్తని గుడ్డ కట్టి, మెడ, వీపు కలిసే ఎత్తైన చోట ముందు దానితో తాకిస్తారు. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోకుకునేది అక్కడే. పిల్ల బెదరకుండా ఒక్క క్షణం నిలబడితే చాలు, వెంటనే కర్ర తీసేయాలి. ఈ తీసేయడంలోనే మచ్చిక అంతా ఉంది.

రాగి అని మేము పిలుచుకునే ఎర్రపిల్ల మీద మా అమ్మాయి మొదటిసారి చేయి వేసినప్పుడు, దాని చెవి ఒకటి ఆమె వైపు, మరొకటి కంచె వైపు తిరిగి ఉంది. వెనుక కాలు పరుగుకు సిద్ధంగా ఉంది. ఒత్తైన జూలు అడుగున మెల్లగా గోకుతుంటే కాసేపటికి పైపెదవి ముందుకు సాగి అదరసాగింది. అది ఇంకా ఆ సుఖంలో ఉండగానే అమ్మాయి చేయి తీసి వెనక్కి వచ్చేసింది. ఆ వయసులో అంత నిగ్రహం చూసి నాకు గర్వం కలిగింది.

మనిషి గొంతు అలవాటు కావాలంటే దగ్గర కూర్చొని ఏదైనా చదువుతూ ఉండమని పొరుగు రైతు చెప్పారు. అమ్మాయి తన తెలుగు వాచకం పట్టుకెళ్లింది. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, ఫోనులో అమ్మమ్మ పలకరిస్తే ‘బాగున్నా’ అని ఫోను నా చేతికిచ్చేసే పిల్ల, బోర్లించిన బకెట్ మీద కూర్చొని, తడబడిన చోట మళ్లీ మొదలుపెడుతూ పేజీలకు పేజీలు చదివింది. అక్కడ ‘ళ’ పలకలేదని దిద్దేవారు లేరు, ముద్దుగా మాట్లాడుతోందని నవ్వేవారూ లేరు. పరాయి దేశంలో పెరిగే పిల్లల తెలుగును మనం పరీక్షగా మార్చేస్తున్నామని నా గట్టి నమ్మకం. చుట్టాలు గుమ్మం దాటగానే పద్యం చెప్పమంటాము.

మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో ఒంగోలు జాతి పశువులను పెంచిన రైతు. “కోడెదూడకు గంగడోలు గోకితే మెడ చాచి నిలబడుతుంది తల్లీ, నీ గుర్రప్పిల్లకు ఆ చోటు ఎక్కడుందో చూడు” అని మనవరాలికి వీడియో కాల్‌లో చెప్పారు. రాత్రిళ్లు పలుపుతో కట్టెయ్యమని కూడా అన్నారు. “వద్దు తాతయ్యా, అలవాటు లేని పిల్ల తాడు గుంజుకుంటే మెడ దెబ్బతింటుంది” అని ఆమె వాదించింది. ఆ వాదన అంతా తెలుగులోనే సాగింది, ఇప్పటికీ సాగుతోంది.

నాలుగేళ్లు వచ్చేదాకా ఈ పోనీల మీద స్వారీ చేయించకూడదు. జాతి ప్రమాణం ప్రకారం వీటి ఎత్తు 127 సెంటీమీటర్లకు మించదు. అవి సిద్ధమయ్యేనాటికి తాను పొడగరి అయిపోతుందని అమ్మాయికి తెలుసు, అయినా రోజూ దొడ్డికి వెళుతుంది. వేసవిలో నాన్నగారు వస్తున్నారు. ఎగిరే గుడ్డకు పిల్లలు బెదురుతాయని, కండువా ఇంట్లో పెట్టి రమ్మని ఆమె ఆయనకు ముందే చెప్పింది. కండువా లేకుండా బయటికి రానని ఆయన అన్నారు. అందుకని ఇప్పుడు దొడ్డి కంచె మీద ఒక పాత తువ్వాలు ఆరవేసి, గాలికి కదిలే గుడ్డకు రాగినీ దాని జతనూ అలవాటు చేస్తోంది.